మోటార్‌హోమ్ టైరు ఉన్నట్టుండి పేలదు

మోటార్‌హోమ్ అంటే మంచాలు, వంటగది లోపలే ఉండే ఇల్లులాంటి బండి. దాని టైరు పేలినప్పుడు యజమానుల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయండీ, గాట్లు కూడా అరగలేదు, ఉన్నట్టుండి ఢామ్మని పేలింది." ఇందులో మొదటి రెండు ముక్కలూ నిజం. మూడోది కాదు. చప్పుడు వినిపించేది ఒక్క క్షణమే గానీ, దానికి పునాది వారాల ముందు, నెలల ముందు, ఒక్కోసారి ఏళ్ల ముందే పడి ఉంటుంది. మేకో పదునైన రాయో గుచ్చుకుని టైరు పోవడం లేకపోలేదు. కానీ అలాంటి దెబ్బకు ఎక్కువగా అయ్యేది పంక్చర్. గాలి మెల్లగా దిగుతుంది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) చిరిగిపోయి, ట్రెడ్ (నేలకు ఆనే గాట్ల పొర) పట్టీలుగా ఊడి, పైనున్న బాడీనీ కింది వైర్లనీ నీటి పైపులనీ చీల్చుకుంటూ పోయిందంటే మాత్రం, ఆ టైరు చాలావరకు అప్పటికే లోపల దెబ్బతిని ఉంటుంది.

కారు టైరుకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. అయిదుగురు ఎక్కిన రోజు బరువు, ఒక్కరే నడిపిన రోజు తేలిక. లారీ టైరు బరువు మోస్తుంది గానీ రోజూ తిరుగుతుంది, వయసు మీద పడేలోపే అరిగి మూలకు చేరుతుంది. మోటార్‌హోమ్ టైరుది ఈ రెండూ కాని బతుకు. మంచాలు, ఫ్రిజ్, స్టవ్, గ్యాస్ సిలిండర్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు అన్నీ ఎప్పుడూ దాని నెత్తిమీదే. ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా ఒకేచోట ఉంటుంది. ఆ తర్వాత సెలవులు రాగానే, మండే ఎండలో, ఒక్కసారిగా వందల కిలోమీటర్ల హైవే. అరిగేంత తిరగదు కాబట్టి చూపుకు కొత్తగానే ఉంటుంది. కారు దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క పరీక్ష, గాట్ల లోతు చూడటం, ఇక్కడ పనికిరాకపోగా లేనిపోని ధైర్యం ఇస్తుంది.

అసలు శత్రువు వేడి

ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ గబగబా వంచితే ఆ వంపు దగ్గర వేలికి వేడి తగులుతుంది, ఇంకాసేపు వంచితే తెగిపోతుంది. టైరులో జరిగేది కూడా ఇదే. నేలకు ఆనిన చోట టైరు నొక్కుకుంటుంది, పైకి వెళ్లగానే మళ్లీ విచ్చుకుంటుంది. చిన్న మోటార్‌హోమ్‌లకు ఎక్కువగా వేసే 225/75 ఆర్ 16 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. అంటే సైడ్‌వాల్‌లోని ప్రతి చోటూ గంటలో 42 వేల సార్లకు పైగా వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు తీసుకున్న శక్తి మొత్తాన్ని తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా లోపలే మిగిలిపోతుంది.

గాలీ బరువూ సరిగ్గా ఉంటే ఈ వేడి బయటికి పోయే వేగం, పుట్టే వేగం ఒకచోట సమానమవుతాయి. గాలి తగ్గినా, బరువు పెరిగినా, వేగం పెరిగినా వంపు ఎక్కువవుతుంది లేదా వంగే సంఖ్య పెరుగుతుంది, లెక్క తప్పుతుంది. మూడూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. వేడెక్కిన రబ్బరుకూ లోపలి స్టీలు తీగలకూ మధ్య పట్టు సడలుతుంది, ట్రెడ్ కింద ఉండే బెల్టుల (ఆ తీగల పొరల) అంచుల దగ్గర సన్నని చీలికలు మొదలవుతాయి. ఇవి తర్వాత టైరు చల్లబడ్డా అతుక్కోవు. జ్వరం తగ్గినట్టు టైరు కోలుకోదు. నిరుడు ఎండల్లో తక్కువ గాలితో ఒక పూట పరిగెత్తిన టైరు ఈ ఏడాది సరైన గాలితో కూడా పేలవచ్చు. "ఈసారి అన్నీ చూసుకునే బయల్దేరాం" అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూడాల్సిన తప్పు ఈసారి జరిగింది కాదు.

కాటా వేయించనిదే గాలి లెక్క తేలదు

ఎంత గాలి కొట్టించాలి అనే ప్రశ్నకు జవాబు, ఎంత బరువు ఉంది అనే ప్రశ్నలో ఉంది. టైరు కంపెనీలు ప్రతి సైజుకూ బరువు, ప్రెషర్ పట్టికలు ఇస్తాయి: ఒక్క టైరు మీద ఇన్ని కిలోలు ఉంటే కనీసం ఇంత ప్రెషర్ అని. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ బరువు అక్కడే రాసిన ప్రెషర్ ఉన్నప్పుడే వర్తిస్తుంది. గాలి తగ్గిస్తే మోయగలిగే బరువు కూడా తగ్గిపోతుంది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి.

బండి తయారీదారు తలుపు దగ్గర అంటించే స్టిక్కర్‌లో కూడా ప్రెషర్ ఉంటుంది. అది మంచి ఆధారమే. అయితే బండి కొన్న తర్వాత పైన సోలార్ పలకలు, వెనక సైకిళ్ల స్టాండు, అదనపు బ్యాటరీ, పుస్తకాలు, వంట సామాను చేరుతూనే ఉంటాయి. సంసారం పెరిగినట్టు బండి బరువు పెరుగుతుంది, ఎవరికీ తెలియకుండా. నీళ్ల ట్యాంకు సంగతి మరీ తేలిక లెక్క: 100 లీటర్లు పోస్తే 100 కిలోలు.

అందుకే ప్రయాణానికి ఎలా బయల్దేరతారో అలాగే, మనుషులు, నీళ్లు, ఇంధనం, సామాను అన్నిటితో బండిని కాటా వేయించాలి. మొత్తం బరువు తెలిస్తే చాలదు. ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరుగా తెలియాలి. వీలైతే ఎడమ, కుడి కూడా. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. ఒక బండి వెనక ఇరుసు పరిమితి 2,500 కిలోలు. కాటా మీద 2,440 వచ్చింది. యజమాని నిశ్చింతగా ఇంటికి వెళ్లాడు. కానీ ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, అల్మరా అన్నీ ఎడమవైపే ఉండటంతో ఎడమ చక్రం మీద 1,340, కుడి చక్రం మీద 1,100 పడుతున్నాయి. టైరు మీద లోడ్ ఇండెక్స్ 118 అని ఉంది, అంటే 1,320 కిలోల వరకే. ఇరుసు లెక్కలో పాస్, టైరు లెక్కలో ఫెయిల్. ఆ ఎడమ టైరు ప్రతి ప్రయాణంలోనూ తన శక్తికి మించి మోస్తోంది. పరిమితి దాటిన టైరుకు గాలి పెంచడం మందు కాదు. సామాను కుడివైపుకు మార్చాలి లేదా దింపాలి. పరిమితిలోపే ఉండి రెండు పక్కలా తేడా ఉంటే, ఎక్కువ బరువున్న పక్కకు తగిన ప్రెషర్‌నే ఆ ఇరుసులోని టైర్లన్నిటికీ పెట్టాలి.

వెనక వేలాడే బరువు ఇంకో చిక్కు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 4 మీటర్లున్న బండికి, వెనక ఇరుసు దాటి 2 మీటర్ల దూరాన 80 కిలోల సైకిళ్ల స్టాండు తగిలించారనుకోండి. వెనక ఇరుసు మీద పెరిగేది 80 కాదు, 120. ఊయల బల్ల సూత్రం: వెనక నొక్కితే ముందు లేస్తుంది, ముందు తగ్గిన 40 కిలోలు కూడా వెనకే చేరతాయి. కాటాకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుని వేసే అంచనాలు తప్పేది ఇలాంటి చోటే.

వేడి మీద ఉన్నప్పుడు గాలి తీయకూడదు

ప్రెషర్ చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. అంటే ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా అని కాదు, కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండి, ఎండ తగలకముందు. తెల్లవారుజామున గేజి పెట్టి చూసినవాళ్లకు ఒక అంకె, మధ్యాహ్నం పెట్రోలు బంకులో చూసినవాళ్లకు ఇంకో అంకె కనిపిస్తుంది. ఈ రెండో అంకె చూసే చాలామంది కంగారుపడతారు.

పొద్దున 15 డిగ్రీల చలిలో 80 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) పెట్టారు. రెండు గంటలు నడిపాక టైరులోని గాలి 40 డిగ్రీలకు చేరింది. గేజి సుమారు 88 చూపిస్తుంది. "అమ్మో, ఎక్కువైపోయింది, పేలుతుంది" అని 8 పీఎస్ఐ వదిలేశారు. రాత్రికి టైరు మళ్లీ 15 డిగ్రీలకు వచ్చేసరికి అందులో మిగిలేది 72. అంటే పది శాతం తక్కువ. మర్నాడు పొద్దున చూసుకోకుండా బయల్దేరితే, పేలుతుందన్న భయంతో చేసిన పనే పేలడానికి దగ్గర దారి వేస్తుంది. నడిచేటప్పుడు పెరిగే ప్రెషర్‌ని లెక్కలోకి తీసుకునే చల్లటి ప్రెషర్ నిర్ణయిస్తారు. పెరగనివ్వాలి.

అలాగని ఇష్టమొచ్చినంత ఎక్కువ కొట్టించినా మంచిది కాదు. నేలకు ఆనే భాగం తగ్గి బ్రేకు పట్టు సన్నగిల్లుతుంది, ట్రెడ్ మధ్యలో అరుగుతుంది, గుంత తగిలితే లోపలి తీగలు తెగే ప్రమాదం ఎక్కువ. అయినా రెండు తప్పుల్లో ఒకటి ఎంచుకోక తప్పదంటే, కాస్త ఎక్కువే నయం. నైట్రోజన్ నింపితే ఈ గొడవలన్నీ పోతాయనే ప్రచారం ఒకటి ఉంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. మిగతా ఇరవై రెండు శాతం గురించి పెట్టే శ్రద్ధ గేజి మీద పెడితే ఎక్కువ ఫలితం.

వాల్వ్ గురించి ఒక మాట. కార్లకు వాడే మామూలు రబ్బరు వాల్వులు సుమారు 65 పీఎస్ఐ వరకే. యూరప్ మోటార్‌హోమ్‌ల కోసం చేసే, సైజు చివర "సీపీ" అని రాసి ఉండే క్యాంపింగ్ టైర్లకు వెనక ఇరుసులో 80 పీఎస్ఐ దాకా పెడతారు. వాటికి లోహపు వాల్వులు ఉండాలి. వేల రూపాయల టైరు వేసి, పాత రబ్బరు వాల్వునే ఉంచేస్తే ఆ టైరు గతి ఆ చిన్న ముక్క చేతిలో ఉన్నట్టే.

జోడు టైర్లలో దాగే ప్రమాదం

పెద్ద మోటార్‌హోమ్‌లకు వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు ఉంటాయి. ఒకటి పోయినా ఇంకొకటి ఉందిలే అనే ధైర్యం దీనివల్లే వస్తుంది, అది సగమే నిజం. టైరు మీద లోడ్ ఇండెక్స్ 121/120 అని రాసి ఉంటే మొదటి అంకె ఒంటరిగా వాడినప్పుడు, రెండోది జోడుగా వాడినప్పుడు: 1,450 కిలోలు, 1,400 కిలోలు. జోడుగా ఉంటే తక్కువ ఎందుకంటే రోడ్డు వాలు వల్ల, గాలి తేడా వల్ల రెండూ ఎప్పుడూ సమానంగా మోయవు.

ఒక పక్క జోడు మీద 2,600 కిలోలు ఉన్నాయనుకుందాం. చెరి 1,300, ఇబ్బంది లేదు. లోపలి టైరు గాలి దిగిపోయింది. బయటినుంచి ఏమీ కనిపించదు, ఎందుకంటే పక్కది దాన్ని లేపి పట్టుకుని ఉంది. ఇప్పుడు 1,450 మోయాల్సిన టైరు 2,600 మోస్తోంది, దాదాపు 80 శాతం అదనం. అదే సమయంలో గాలి లేని లోపలి టైరు నలుగుతూ, పక్కదానికి రాసుకుంటూ తిరుగుతోంది. ఈ రాపిడిలో నిప్పు అంటుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. డ్రైవర్‌కి మాత్రం బండి మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది. కర్రతో కొట్టి చప్పుడు విని గాలి చూడటం లారీల దగ్గర పాత అలవాటు. పూర్తిగా దిగిపోయిన టైరు అలా తెలుస్తుందేమో గానీ 100 ఉండాల్సిన చోట 75 ఉంటే ఏ చెవికీ అందదు. లోపలి వాల్వుకి చెయ్యి ఆనడం కష్టం కాబట్టి చాలామంది బయటిదే చూసి లేచిపోతారు. వాల్వుకి గట్టి లోహపు పొడిగింపు వేయించుకుంటే ఈ సాకు ఉండదు. కొత్తది ఒకటి, అరిగినది ఒకటి జోడు కట్టడం కూడా ఇలాంటిదే. ఎత్తు ఎక్కువున్నదే భారమంతా మోస్తుంది.

పుట్టిన తేదీ టైరు మీదే ఉంది

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఆక్సిజన్, ఓజోన్, ఎండ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, పెళుసు చేస్తాయి. దీన్ని అడ్డుకోవడానికి రబ్బరులో మైనంలాంటి పదార్థాలు కలుపుతారు. చిత్రమేమిటంటే అవి పైకి వచ్చి పూతలా పరుచుకోవాలంటే టైరు తిరగాలి, వంగాలి. నెలల తరబడి కదలని బండికి ఆ రక్షణ అందదు. మెరుపు కోసం పెట్రోలియం కలిసిన పాలిష్‌లు పూస్తే ఉన్నదీ పోతుంది. సబ్బునీళ్లు చాలు.

సైడ్‌వాల్ మీద "డాట్" అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కొన్ని టైర్లకు ఈ నాలుగంకెలు ఒక పక్కే ఉంటాయి, అది బండి లోపలి వైపుకు తిరిగి ఉండవచ్చు. కింద పడుకుని టార్చి వేసి చూడాల్సిందే. అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడితో విప్పించి చూపించమని, ఎంత బాగున్నా పదేళ్లకు మించి వాడొద్దని పేరున్న కంపెనీలే చెబుతున్నాయి. అంతకంటే ముందే, ఆరేడేళ్లకు మార్చేయడం మేలని చాలామంది అనుభవజ్ఞులు అంటారు. మోటార్‌హోమ్ బతుకు చూస్తే ఆ తొందరలో అర్థముంది. పాత బండి కొనేవాళ్లు ఇంజను, తడి మరకలు చూసినంత శ్రద్ధగా ఈ అంకెలు చూడరు. స్టెప్నీ సంగతి అసలే గుర్తుండదు. వాడకపోయినా దాని వయసు మిగతా వాటితో పాటే పెరుగుతుంది.

సైడ్‌వాల్ మీద సన్నని పగుళ్లుంటే వాటి లోతు చూడాలి. అర మిల్లీమీటరు కూడా లేని వెంట్రుక గీతలు వయసు గుర్తులే, లోతు 1.6 మిల్లీమీటర్లు దాటితే టైరు మార్చడమే. ఉబ్బు కనిపించినా, కొత్తగా స్టీరింగ్‌లో ఊపు మొదలైనా లోపల బెల్టు ఊడుతోందని అనుమానించాలి. అలైన్‌మెంట్ అని సర్దిచెప్పుకుని ముందుకు పోకూడదు.

వేగం, నిఘా

తప్పు ఎప్పుడూ వాడేవాళ్లదేనా? గుడ్‌ఇయర్ కంపెనీ 1996 నుంచి 2003 వరకు తయారుచేసిన జీ159 టైర్ల వ్యవహారం ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. అమెరికాలో 275/70 ఆర్ 22.5 సైజులో ఇవి ఎన్నో మోటార్‌హోమ్‌లకు వచ్చాయి. ఊళ్లలో సరుకు చేరవేసే బళ్లకు సరిపోయే టైరును హైవే వేగాల్లో తిరిగే మోటార్‌హోమ్‌లకు అమ్మారని, అందుకే వేడెక్కి విఫలమవుతున్నాయని ఆరోపణలు వచ్చాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2017 చివర్లో విచారణ మొదలుపెట్టింది. 2022 జూన్‌లో కంపెనీ 1.73 లక్షలకు పైగా టైర్ల రీకాల్‌కు ఒప్పుకుంది, అప్పటికి వాటిలో చాలావరకు రోడ్ల మీద లేనే లేవు. టైరులో లోపం లేదని, తక్కువ గాలి, ఎక్కువ బరువే కారణమని కంపెనీ వాదన. ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెడితే, రెండు వాదనలూ చివరికి చేరింది వేడి దగ్గరికే. తన బండి టైరుకి ఎంత వేగం రాసిపెట్టి ఉందో తెలుసుకోవడం యజమానికి అవసరమని కూడా ఈ ఉదంతం చెబుతుంది. లోడ్ ఇండెక్స్ అంకె పక్కనుండే అక్షరం "ఎల్" అయితే గరిష్ఠంగా గంటకు 120 కిలోమీటర్లు. అది పరిమితే, ఆహ్వానం కాదు.

ప్రెషర్ కనిపెట్టి చెప్పే టీపీఎంఎస్ ఉంటే చాలు కదా అనుకోవచ్చు. అమెరికాలో ఇది తప్పనిసరి కావడానికి మూలం 2000లో, ట్రెడ్ ఊడిపోతున్న ఫైర్‌స్టోన్ కంపెనీ టైర్ల వివాదం తర్వాత వచ్చిన, "ట్రెడ్" అనే పేరుతోనే ఉన్న చట్టం. ఆ నిబంధన 4,536 కిలోల లోపు బళ్లకే. పెద్ద మోటార్‌హోమ్‌లు దాని కిందికి రావు. పైగా స్టిక్కర్ ప్రెషర్ కంటే 25 శాతం తగ్గాక దీపం వెలిగితే నిబంధనకు సరిపోతుంది. లారీ తరహా టైర్ల విషయంలో 20 శాతం తగ్గి పరిగెత్తిన టైరును గాలి లేకుండా నడిచినదానిగానే పరిగణిస్తారు. అంటే దీపం వెలిగేసరికే నష్టం జరిగి ఉండవచ్చు. విడిగా కొని వాల్వులకు బిగించుకునే సెన్సార్లలో హెచ్చరిక స్థాయిని మనమే పెట్టుకోవచ్చు. 10 నుంచి 15 శాతం దగ్గర పెట్టుకుంటే ఆగడానికి సమయం దొరుకుతుంది. అవి గాలి నెమ్మదిగా దిగడాన్ని బాగా పట్టిస్తాయి. లోపల ఊడుతున్న బెల్టుని పట్టించలేవు.

పేలితే

ముందు చక్రం పేలితే బండి ఆ పక్కకు లాగుతుంది. కాలు తనంతట తానే బ్రేకు మీదకు పోతుంది, ప్రమాదమంతా అక్కడే. బ్రేకు వేస్తే బరువు ముందుకు ఒరిగి, పోయిన చక్రం మీదే ఇంకా పడుతుంది, లాగుడు పెరుగుతుంది. దీనికి విరుద్ధంగా యాక్సిలరేటర్‌ని క్షణంపాటు నొక్కితే ముందుకు తోసే బలం ఆ లాగుడును కొంత అదుపు చేస్తుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని బండిని తన లైన్‌లో నిలిపాక, కాలు మెల్లగా తీసి, వేగం దానంతటదే తగ్గేదాకా ఆగి, ఆ తర్వాతే పక్కకు తీయాలి. చదవడానికి సులువుగానే ఉంటుంది. ఆ క్షణంలో గుర్తుకు రావాలంటే ముందే నాలుగైదుసార్లు మనసులో అనుకుని ఉండాలి.

టైరు మార్చేశాక కూడా పని మిగిలి ఉంటుంది. జోడులో ఒకటి పేలితే, అది పేలేదాకా రెండింతల బరువు మోసిన పక్క టైరు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. దాన్ని కూడా విప్పించి లోపల చూపించాలి. బాగా గాలి తగ్గి నడిచిన టైరుకు అక్కడికక్కడే రోడ్డు పక్కన మళ్లీ గాలి కొట్టించడం అయితే అసలు చేయకూడదు. నలిగిన సైడ్‌వాల్‌లోని స్టీలు తీగలు గాలి ఎక్కుతున్నకొద్దీ ఒకటి తర్వాత ఒకటి తెగుతూ, జిప్పు లాగినట్టు పొడవునా చీలిపోతాయి. అప్పుడు టైరు పేలేది గొట్టం పట్టుకుని పక్కన కూర్చున్న మనిషి ముఖం ముందు. టైరు పనివాళ్లు అలాంటిదాన్ని ముందు విప్పి లోపలంతా తడిమి చూస్తారు, ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి ఎక్కిస్తారు.